జన్మసత్యము, జన్మరహస్యము: ‘ఇన్‌హెరిటెన్స్’ గ్రంథవిమర్శము

మాతృత్వము ప్రత్యక్షముచే తెలియును. పితృత్వము శబ్దముచే తెలియును. ప్రసవించిన స్త్రీని మంత్రసానియు, ఇంటివారును చూతురు. తండ్రి యెవరో చెప్పుటకు తల్లి మాటయు, వివాహబంధమును, లోకప్రసిద్ధియు తక్క వేఱాధారము చిరకాలము లేకుండెను. ధర్మశాస్త్రములును, న్యాయస్థానములును, రాజుల వంశావళులును ఈ శబ్దప్రమాణమునే నమ్మి నడచినవి. 21వ శతాబ్దిలో ఈ స్థితి మాఱినది. అమెరికాలో 2007వ సంవత్సరమున ట్వంటీత్రీ అండ్ మీ అను సంస్థయు, 2012వ సంవత్సరమున యాన్సెస్ట్రీ అను సంస్థయు, ఇంటికే చిన్న గొట్టమును పంపి, అందులో ఉమ్మి నింపి తిరిగి పంపినవారికి డీఎన్‌ఏ పరీక్షాఫలమును తెలుపు వ్యాపారమును నెలకొల్పినవి. పూర్వికులు ఏ దేశమువారో తెలిసికొను వేడుకతో గొట్టమున ఉమ్మిన అనేకులకు, తాము అడుగని ప్రశ్నకు ప్రత్యుత్తరము వచ్చినది. ఇంట మూడుతరములుగా మూతపడియున్న గది తలుపు, తట్టకయే తెఱచుకొన్నది.

ఈ విషయమును గూర్చి ఆంగ్లభాషలో పుట్టిన గ్రంథములలో మిక్కిలి ప్రసిద్ధి కెక్కినది, అమెరికా దేశపు నవలారచయిత్రి డానీ షపీరో 2019వ సంవత్సరము జనవరిలో ప్రకటించిన ‘ఇన్‌హెరిటెన్స్’. ఈ పేరునకు దాయము, వారసత్వము అని అర్థము. వంశము, పితృత్వము, ప్రేమ అను మూడింటిని గూర్చిన స్మృతిగ్రంథమని ఉపశీర్షిక చెప్పుచున్నది. ఒక పరీక్ష జన్మవిషయమున ఎంతవఱకు ప్రమాణము, ఎచ్చట దాని అధికారము ముగియును, ఆ పిమ్మట మిగిలిన భాగము ఎవరి వివేకమునకు వదలబడును అను ప్రశ్నల కీ గ్రంథము మంచి నికషము. ఆ దృష్టితోనే దీనిని పరిశీలింపవలసియున్నది.

కథ సంగ్రహముగా నిట్టిది. రచయిత్రి 1962వ సంవత్సరమున జన్మించి, ఆచారపరాయణమైన యూదుల కుటుంబమున పెరిగినది. తండ్రియందు ఆమెకు గాఢమైన భక్తి. తల్లితో సంబంధము మొదటినుండియు కలహభూయిష్ఠము. 1986వ సంవత్సరమున జరిగిన కారు ప్రమాదమున తండ్రి మరణించెను. అప్పటికి ఆమె వయస్సు 23 ఏండ్లు. తల్లియు తరువాత కొన్నేండ్లకు గతించినది. 2016వ సంవత్సరమున భర్త చేయించుకొనుచుండగా, తోడుగా ఆమెయు డీఎన్‌ఏ పరీక్ష చేయించుకొన్నది. వచ్చిన ఫలమున తూర్పు ఐరోపా యూదుల అంశము నూటికి 52 పాళ్లు మాత్రమే యుండెను. తలిదండ్రులిరువురును ఆ జాతివారే యైనచో, నూటికి నూఱు పాళ్లకు దగ్గఱగా నుండవలెను. తండ్రి మొదటి వివాహమున కలిగిన అక్క అంతకుముందే పరీక్ష చేయించుకొనియుండెను. ఇరువురి ఫలములను పోల్చిచూడగా వారికి రక్తసంబంధము లేదని తేలినది. ఫలములో పరిచయము లేని ఒక దగ్గఱి జ్ఞాతి పేరును కనబడినది. ఆ జాడ పట్టి అంతర్జాలమున వెదుకగా, 36 గంటలలో ఆమెను కన్న తండ్రి యెవరో తెలిసిపోయెను. ఆయన ఒక వృద్ధవైద్యుడు. ఫిలడెల్ఫియాలో వైద్యవిద్యార్థిగా నున్న కాలమున శుక్రదానము చేసినవాడు. గ్రంథమున ఆయనకు మాఱుపేరు పెట్టబడినది.

ఈ వృత్తాంతమున విమర్శకుని దృష్టి మొదట నిలువవలసినది ప్రమాణములమీద. నైయాయికులు ప్రత్యక్షానుమానోపమానశబ్దములని నాలుగు ప్రమాణములను చెప్పుదురు. డీఎన్‌ఏ పరీక్ష ప్రత్యక్షమని సామాన్యుల నమ్మకము. కాని అది అనుమానము. దాని వ్యాప్తి బలమైనది కావున ప్రత్యక్షమువలె తోచును. మఱియు ఒకే కాగితముమీద వచ్చు రెండువిధముల ఫలములలో ఒకదాని బలము వేఱు, మఱియొకదాని బలము వేఱు. ఫలానా దేశపు రక్తము నూటికిన్ని పాళ్లు అనునది మొదటిది. ఆ సంస్థ తన యొద్ద పోగుచేసికొన్న మాదిరి మనుష్యుల డీఎన్‌ఏతో పోల్చి వేసిన అంచనా యిది. మాదిరులు మాఱినచో అంకెలును మాఱును. ఒకే మనుష్యునికి రెండు సంస్థలు రెండు లెక్కలు చెప్పుట కద్దు. ఇద్దఱు మనుష్యుల డీఎన్‌ఏను ప్రక్కప్రక్కన పెట్టి, సమానమైన ఖండములను కొలిచి చెప్పు బంధుత్వము రెండవది. దగ్గఱి చుట్టఱికములలో ఇది మిక్కిలి దృఢము. తలిదండ్రులకును బిడ్డకును నడుమ సగము, ఒకే తాత మనుమలకు నూటికి సుమారు 12½ పాళ్లు సమానముగా నుండును.

తాళపత్రగ్రంథములను పరిష్కరించువారికి ఈ మార్గము క్రొత్తది కాదు. రెండు ప్రతులలో ఒకే తావున ఒకే అపపాఠ ముండినచో, అవి రెండును ఒకే మాతృకనుండి దిగినవని పరిష్కర్త నిశ్చయించును. పూనాలోని భాండార్కరు ప్రాచ్యపరిశోధనసంస్థ 1919 మొదలు 1966 వఱకు సాగించిన మహాభారతపరిష్కరణమున ప్రతులను శాఖలుగా విభజించుటకు పాఠసామ్యవైషమ్యములే ఆధారములైనవి. డీఎన్‌ఏయును ఒక వ్రాతప్రతియే. తరతరమునకు నకలగుచు, అప్పుడప్పుడొక యక్షరము మాఱి, ఆ మార్పుతోడనే క్రిందికి దిగును. సామాన్యమైన మార్పులు సామాన్యమైన మాతృకను చెప్పును. కాని లేఖకుడు ఆ ప్రతిని ఎందులకు వ్రాసెను, ఎవరి ప్రేరణచే వ్రాసెను, తాను వ్రాయుచున్నది ఏ గ్రంథమో ఎఱుగునా అను ప్రశ్నలకు పాఠసామ్యము సమాధానము చెప్పదు. ఈ పోలిక ఇచ్చటనే ముఖ్యముగా ఉపకరించును.

ఇంకొక పరిమితియు గలదు. పరీక్ష కొలుచునది సామ్యపరిమాణమును మాత్రమే, వరుసను కాదు. పరిమాణము నూటికి 25 పాళ్లని తేలినప్పుడు, ఆ యిద్దఱును తండ్రియో తల్లియో ఒక్కరైన తోబుట్టువులు కావచ్చును, తాతమనుమలు కావచ్చును, మేనమామమేనల్లుళ్లు కావచ్చును. 12½ పాళ్లవాడు పెదతండ్రి కొడుకో, మేనత్త కొడుకో అంకె చెప్పజాలదు. ఆంగ్లభాష ఈ యిద్దఱిని ఒకే మాటతో పిలుచును గాన ఆ లోపము వారికి స్ఫురింపదు. మేనబావను, అన్నను వేఱుపఱచి, ఒకనితో పెండ్లిని విధించి మఱియొకనితో నిషేధించిన తెలుగువారికి, వరుస తెలియని చుట్టఱికము సగము చుట్టఱికమే. మేనరికములు తఱచైన కుటుంబములలోను, తమలో తామే వియ్యమందుచు వచ్చిన యూదులవంటి జాతులలోను, ఒకే పూర్వికుడు రెండుమూడు దారుల వచ్చి చేరును. అందుచే దూరపు జ్ఞాతులుకూడ దగ్గఱివారివలె కనబడుదురు. కావున పరీక్షాఫలమును వయస్సు, నివాసము, వివాహపత్రములు, పెద్దల మాటలు అనువానితో కలిపి చదువవలెను. షపీరోయు, ఆమె భర్తయు చేసినపని యిదే. పాళ్ల లెక్క అనుమానమును పుట్టించినది. అక్కతో పోలిక దానిని దృఢపఱచినది. జ్ఞాతి పేరు దారి చూపినది. తల్లి యెప్పుడో చెప్పిన ఒక మాట ఊరిని నిర్ణయించినది. ఆ వైద్యుడు ఉపన్యసించుచున్న చలచ్చిత్రమును చూచినప్పుడు, అతని ముఖమునను చేతుల కదలికయందును తన పోలికను గుర్తించుట చివరిదైనది. అనుమానశబ్దోపమానములు మూడును ఇందు కలిసినవి. బలహీనమైన ప్రమాణమునుండి బలవత్తరమైన ప్రమాణమునకు పోవు ఈ క్రమమును చెడకుండ చెప్పుట ఈ గ్రంథమున మొదటి గుణము.

అయినను కన్న తండ్రి యెవరను ప్రశ్న గ్రంథపు తొలిభాగముననే తీరిపోవుచున్నది. అపరాధపరిశోధకనవలలలో చివరిపుటలకు దాచియుంచునది యిందు మొదటనే వచ్చినది. మఱి మిగిలిన పుటలన్నియు దేనిని వెదకుచున్నవి? తలిదండ్రులు ఎఱుగుదురా, ఎఱుగరా అను ఒక్క విషయమును. జన్మసత్యము వేఱు, జన్మరహస్యము వేఱు. ఎవరి బీజము ఎవరి దేహమున నున్నదనునది సత్యము. అది పదార్థధర్మము, పరీక్షకు లొంగును. ఎవరికి తెలిసియుండెను, ఎవరు ఎవరితో చెప్పకుండిరి, ఎందులకు చెప్పకుండిరి అనునది రహస్యము; అది మనోధర్మము, ఏ గొట్టమునకును లొంగదు. గ్రంథమంతయు ఈ భేదముమీదనే నిలిచియున్నది.

తాను ఫిలడెల్ఫియాలో వైద్యసహాయమున కలిగిన బిడ్డనని తల్లి ఒకప్పుడు చెప్పిన మాట షపీరోకు జ్ఞాపకము వచ్చినది. ఆ నగరమున ఎడ్మండు ఫారిస్ అను శాస్త్రజ్ఞుడు నడపిన సంస్థ యొకటి యుండెను. సంతానము లేని దంపతులకు దాతల శుక్రముచే గర్భాధానము చేయు ఆ కాలపు వైద్యులలో, దాత శుక్రమును భర్త శుక్రముతో కలిపి వాడు ఆచార మొకటి కలదు. అందలి యుద్దేశము వైద్యప్రయోజనముకంటె మనస్సమాధానము. పుట్టిన బిడ్డ భర్త బిడ్డయే కావచ్చునని నమ్ముటకు దంపతులకు సందు విడువబడుచుండెను. దంపతులు ఎవ్వరికిని చెప్పవద్దనియు, తామును మఱచిపోవలెననియు హితబోధ జరుగుచుండెను. విచిత్రమేమనగా, అమెరికాలో దాత శుక్రముతో గర్భాధానము జరిగినట్లు తెలియవచ్చిన తొలి యుదాహరణము కూడ ఫిలడెల్ఫియాదే. 1884వ సంవత్సరమున పాంకోస్టు అను వైద్యుడు, మత్తుమందిచ్చిన స్త్రీకి ఒక విద్యార్థి శుక్రమును ప్రయోగించెను. పిమ్మట భర్తకు విషయము తెలుపబడినది, భార్యకు తెలుపబడలేదు. 1909వ సంవత్సరమున ఒక వైద్యపత్రికలో ఆ వృత్తాంతము వెలువడినప్పుడుగాని లోకమునకు తెలియలేదు. ఈ చికిత్సకు రహస్యము తరువాత అంటిన దోషము కాదు. పుట్టుకతోడనే వచ్చిన లక్షణము.

ఛాందోగ్యోపనిషత్తులో సత్యకాముడు గురువునొద్దకు పోవుటకు ముందు తన గోత్రమేమని తల్లి నడిగెను. జబాల తనకు తెలియదని చెప్పినది. కుమారుడు ఆ మాటనే గురువునకు చెప్పెను. హారిద్రుమతగౌతముడు ఆ సత్యవచనమును చూచియే శిష్యునిగా స్వీకరించెను. ఇచ్చట తెలియకపోవుట గలదు, దాచుట లేదు. ఫిలడెల్ఫియాలో రెండు శుక్రములను కలిపిన వైద్యుల పని దీనికి తలక్రిందులు. జబాల ఎఱుగక ఎఱుగనన్నది. ఆ వైద్యులు ఎఱుగకుండుటకే ఏర్పాటు చేసిరి. అజ్ఞానమును ఔషధముగా నిచ్చిరి. ఆ ఔషధము 50 ఏండ్లకు పైగా పనిచేసి, ఒక గొట్టెడు ఉమ్మితో విఱిగిపోయినది.

తలిదండ్రులకు ఏమియు తెలియదని మొదట షపీరో గట్టిగా నమ్మినది. ఆ నమ్మకము ఆమెకు ఆవశ్యకము. తండ్రి తెలిసియు తనతో చెప్పలేదని ఒప్పుకొనుట ఆమెకు దుస్సహము. ఆ కాలపు పద్ధతుల నెఱిగినవారిని, బంధువృద్ధులను, మతాచార్యులను అడుగగా అడుగగా ఆ నమ్మకము సడలినది. తండ్రి సోదరి, 90 ఏండ్లు దాటిన వృద్ధురాలు, ఈ వార్త విని ఆమెను తమ బిడ్డగానే అక్కున చేర్చుకొను ఘట్టము గ్రంథమున శిఖరప్రాయము. అట్లని ఏ పత్రమును, ఏ సాక్షియు దంపతుల మనస్సు నిట్టిదని నిశ్చయముగా చెప్పలేదు. ఇచ్చట రచయిత్రి తీర్పులో పక్షపాతము పొడసూపుచున్నది. ఒకే మౌనము తండ్రియందు దుఃఖముగాను, తల్లియందు కపటముగాను చదువబడినది. తండ్రి తెలిసియు చెప్పకుండినచో అది ప్రేమచే. తల్లి చెప్పకుండినచో అది పట్టుదలచే. ఆధారము రెండింటికి నొక్కటియే. అర్థము మాత్రము రెండు. తల్లికి బదులు చెప్పు నవకాశము లేదు. ఆమె పక్షమున మాటలాడు సాక్షియు గ్రంథమున లేడు. సంతానము కొఱకు ఊరుగాని యూరికి పోయి, ఆ కాలమున ఎవ్వరితోను చెప్పుకొనరాని చికిత్సకు లోనైన స్త్రీ పడిన బాధను గూర్చి ఇంకొక ప్రకరణ ముండినచో గ్రంథము న్యాయమున పరిపూర్ణమయ్యెడిది.

ఈ సందర్భమున భారతము స్మరణకు రాకపోదు. ఉద్యోగపర్వమున కర్ణునికి కృష్ణుడును, పిదప కుంతియు జన్మవృత్తాంతమును తెలిపిరి. సత్యము తెలిసినంతమాత్రమున కర్ణుడు రాధను, అధిరథుని విడువలేదు. పెంచినవారి ఋణము కన్నవారి రాజ్యముకంటె గొప్పదని తలచెను. పైగా ఆ విషయమును ధర్మరాజునకు చెప్పవలదని కృష్ణుని వేడుకొనెను. ఫలముగా యుద్ధానంతరము తర్పణకాలమున కుంతి నోరు విప్పువఱకు, తాము చంపినది అన్ననని పాండవు లెఱుగరు. అప్పుడు ధర్మరాజునకు కలిగిన దుఃఖమున సగము అన్న చావువలన, సగము తల్లి మౌనమువలన. స్త్రీల మనస్సున రహస్యము నిలువకుండుగాక యని ఆతడు శపించుట ఆ రెండవ సగమునుండి పుట్టినది. షపీరో గ్రంథమున మొదటినుండి చివరవఱకు వినవచ్చు ధ్వనియు నిదియే. తాను ఒకరి బిడ్డ కాకపోవుటకంటె, తనకు చెప్పకపోవుట ఆమెకు పెద్ద గాయము. కర్ణునివలె ఆమెయు పెంచిన తండ్రినే తండ్రిగా నిలుపుకొన్నది. ధర్మరాజువలె తల్లిని మాత్రము క్షమింపలేకపోయినది. ఒకే హృదయమున ఈ యిద్దఱును వసించుటచే గ్రంథమునకు బలము కలిగినది.

ప్రాచీనులు ఇట్టి జన్మలకు పేర్లు పెట్టియుండిరని కూడ గుర్తింపవలెను. మనుస్మృతి 9వ అధ్యాయమున పండ్రెండువిధముల పుత్రులు పరిగణింపబడిరి. వారిలో ఔరసునితోపాటు క్షేత్రజుడు, దత్తుడు, కానీనుడు, గూఢోత్పన్నుడు మొదలగువారు గలరు. ఇంట రహస్యముగా జనించి, బీజము ఎవరిదో తెలియని బిడ్డ గూఢోత్పన్నుడు. అతడు తల్లిని పెండ్లాడినవానికే పుత్రుడగును. ఆ విభాగములలో దాయభాగపు తారతమ్యములు లేకపోలేదు. కాని, ఇట్టివారు లోకమున నుందురని ఒప్పుకొని, వారికొక సంజ్ఞను, ఒక తండ్రిని ఏర్పఱచుట సామాన్యము కాదు. షపీరో పడిన తపనలో ఒక భాగము మాట దొరకని తపన. యూదుల ధర్మమున మతము తల్లిని బట్టి వచ్చును గాన ఆమె మతమునకు లోపము రాలేదు. పోయినది తండ్రి పూర్వికుల పంక్తి. చిన్ననాటనుండి పటములలో చూచి, కథలలో విని, తన వ్రాతలలో పొగడిన తాతముత్తాతలు ఒక్కదినమున ఆమెకు పరులైరి. వారినేమని పిలువవలెను? తెలుగున కన్న తండ్రి, పెంచిన తండ్రి యను మాటలు నోట నానినవి. ఆమె భాషలో జీవశాస్త్రపు తండ్రి యను పరిభాష తప్ప గతి లేకపోయినది.

సాహిత్యదృష్టితో చూడగా ఈ గ్రంథమున అన్నిటికంటె గంభీరమైన ప్రశ్న మఱియొకటి గలదు. షపీరో అంతకుముందే ఆత్మకథాత్మకములైన గ్రంథములను ప్రకటించియుండెను. వానిలో 1998 నాటి ‘స్లో మోషన్’ తండ్రి మృతికి కారణమైన ప్రమాదమును గూర్చినది. 2010 నాటి ‘డివోషన్’ తండ్రివలన సంక్రమించిన మతమును గూర్చిన అన్వేషణము. ఆ గ్రంథములను ఆమె సత్యముగానే వ్రాసినది. కాని వానికి పునాదియైన విషయము అసత్యము. ఇప్పుడవి అబద్ధములా? కావు. శాసనములలోని వంశావళులను పరిశోధించువారు ఇట్టి స్థితి నెఱుగుదురు. తూర్పు చాళుక్యుల తొలిశాసనములలో లేని చంద్రవంశపు పౌరాణికావళి తరువాతి శాసనములలో విస్తరించి కనబడును. చరిత్రకారుడు దానిని జన్మసత్యముగా స్వీకరింపడు, అట్లని పారవేయడు. ఆ రాజులు తమ్ము నేమని తలచుకొనిరో, లోకముచే ఏమని తలపించుకొన గోరిరో తెలుపుటకు అదియే ప్రమాణము. షపీరో పూర్వగ్రంథములును అట్లే. ఆమె యెవరి బిడ్డయో చెప్పుటకు అవి చాలవు, ఎవరి బిడ్డగా పెరిగినదో చెప్పుటకు అవియే చాలును. తన పాతవ్రాతలను తానే మరల చదువుచు, తెల్లని చర్మమును చూచి నీవు యూదుపిల్లవలె లేవని చిన్ననాటినుండి పదిమంది అన్న మాటలను తానెట్లు వినియు వినకుండెనో పరిశీలించు భాగములు, ఆత్మకథారచయితలందఱును చదువదగినవి. సాక్ష్యము ఎదుటనే యున్నను, ప్రశ్న లేనివానికి అది సాక్ష్యముగా కనబడదని అవి తెలుపుచున్నవి.

దాత పక్షమును గూర్చియు ఒక మాట చెప్పవలసియున్నది. ఆయన పరీక్ష చేయించుకొనలేదు. ఆయన బంధువు చేయించుకొన్నాడు. అజ్ఞాతముగా నుంతువని యౌవనమున ఇయ్యబడిన మాటను, ఆ మాట ఇచ్చినవారు కాక, ఆ కాలమున లేని శాస్త్రము భంగపఱచినది. 2018వ సంవత్సరమున ‘సైన్స్’ పత్రికలో వెలువడిన పరిశోధన యొకటి 12,80,000 మంది డీఎన్‌ఏ ఫలములను పరిశీలించినది. యూరోపీయసంతతివారిని గూర్చి వెదకినచో, నూటికి 60 వెదకులాటలలో ముత్తాత తండ్రి యొక్కడైన జ్ఞాతియో, అంతకు దగ్గఱివాడో దొరకునని అది తేల్చినది. అనగా ఒకడు తన గుట్టును తాను కాపాడుకొనుట యిక వాని చేతిలో లేదు. చూడని జ్ఞాతి చేతిలో నున్నది. స్వీడను 1985లోను, బ్రిటను 2005లోను దాతల అజ్ఞాతత్వమును చట్టముచే తొలగించినవి; కాని ఆ చట్టములు తరువాత దానమిచ్చినవారికే వర్తించును. ఫలములు నిలువయుండు కొట్లును శాశ్వతములు కావు. ట్వంటీత్రీ అండ్ మీ సంస్థ 2025వ సంవత్సరము మార్చిలో దివాలాకు దరఖాస్తు పెట్టగా, లక్షలాది కుటుంబముల గుట్టు ఆస్తిజాబితాలో చేరి, ఆ యేటనే చేతులు మాఱినది. ఈ గ్రంథమున దాత మొదట వెనుదీయుట, పిదప జాగ్రత్తతో ఉత్తరములు వ్రాయుట, కడకు కుటుంబముతో వచ్చి కలియుట అనునవి మర్యాదతో చిత్రింపబడినవి. మాఱుపేరు వాడుట కూడ మెచ్చదగిన సంయమము. ఐనను ఆయన నిరాకరించియుండినచో ఆమెకు గల హక్కేమి యను ప్రశ్నను గ్రంథము తాకి విడిచినది. ఆయన దయాళువగుటచే ఆ చిక్కు తప్పినది. అందఱు దాతలును దయాళువులు కారు.

దీనితో పోల్చదగినది బ్లిస్ బ్రోయార్డు 2007వ సంవత్సరమున ప్రకటించిన ‘వన్ డ్రాప్’. ఆమె తండ్రి అనతోల్ బ్రోయార్డు ప్రసిద్ధుడైన పుస్తకవిమర్శకుడు. నీగ్రోసంతతివాడయ్యు జీవితమంతయు తెల్లవాడుగా చలామణి యయ్యెను. 1990వ సంవత్సరమున ఆయన మరణమునకు ముందు బిడ్డలకీ విషయము తెలిసినది. కుమార్తె న్యూ ఆర్లియన్సు నగరమునకు పోయి, జనాభాలెక్కలను, చర్చి దస్తరములను, విడిపోయిన బంధువుల మాటలను ఏండ్లతరబడి సేకరించినది. అందు డీఎన్‌ఏ పరీక్ష అనేకసాధనములలో నొకటి మాత్రమే. రెండు గ్రంథముల తారతమ్యము స్పష్టము. బ్రోయార్డు గ్రంథమున ఒక యింటి గుట్టు వెనుక ఒక దేశపు వర్ణద్వేషచరిత్ర కనబడును. కాని ఆ విస్తారమున ఆమె హృదయము అక్కడక్కడ మఱుగుపడును. షపీరో గ్రంథమున హృదయము ఒక్కక్షణమును మఱుగుపడదు. కాని దేశము కనబడదు. శుక్రదానము ఏ నియమమును లేక సాగిన వ్యాపారము, ఒక్క దాతకు కలిగిన అనేకసంతానము, తమ జన్మము నెఱుగని వేలమంది అను విషయములు ఇందు దారిప్రక్క గ్రామములవలె కనబడి వెనుకబడిపోవుచున్నవి.

రచనను గూర్చి చెప్పవలెననిన, ప్రకరణములు పొట్టివి, భాష నిరాడంబరము, చదువరిని నిలుపక నడిపించును. నవలారచయిత్రి గాన ఘట్టములను ఎచ్చట ఆపవలెనో ఆమె యెఱుగును. దోషమేమనగా, నేనెవరను ప్రశ్నను ఒకే యెత్తున పలుమాఱు వేయుటచే నడిమిభాగమున పునరుక్తి కలిగినది. అద్దమున ముఖము చూచుకొను సందర్భములు మొదట హృదయమును తాకును, తరువాత అలవాటగును. తత్త్వగ్రంథములనుండి తెచ్చిన మాటలు కొన్నిచోట్ల కథకు వెలుగగును, కొన్నిచోట్ల కథను నిలిపివేయును.

గుణదోషముల నిట్లు తూచినపిమ్మట తేలునది యిది. పితృత్వమున శబ్దప్రమాణపు రాజ్యము ముగిసినదని పరీక్షలు చాటుచున్నవి. జన్మసత్యవిషయమున ఆ మాట నిజమే. తల్లి మాటకంటె అణువుల మాట చెల్లుబడియైనది. రహస్యవిషయమున మాత్రము శబ్దమే నేటికిని శరణ్యము. మృతులు ఏమి యెఱిగియుండిరో, ఏ భయముచే, ఏ ప్రేమచే నోరు మూసికొనిరో తెలియుటకు, బ్రతికియున్నవారి సాక్ష్యమును, పాతకాగితములను, మాటలమధ్య మిగిలిన మౌనమును ఓపికతో చదువుటకంటె వేఱు దారి లేదు. అది పరిష్కర్త పని, వ్యాఖ్యాత పని. 36 గంటలలో దొరకిన సమాధానమునకు మఱుసటి పుటలన్నియు వ్యాఖ్యానమే యని గ్రహించి, సత్యము దొరకినచోట కథ ముగింపక అచ్చటనే ప్రారంభించుట షపీరో ప్రజ్ఞ. తల్లి మౌనమునకును తండ్రి మౌనమునకును ఒకే కొలత వాడకపోవుట ఆమె దోషము. ఈ రెండును చదువరికి బోధకములే. గొట్టమున ఉమ్మి పంపి ఫలము కొఱకు వేచియున్న యింటివారు, కాగితముమీది యంకెను నమ్మవచ్చును. ఆ యంకెను పట్టుకొని గతించినవారిపై తీర్పు చెప్పబోవునప్పుడు మాత్రము, ప్రతివాది లేని వ్యవహారమున న్యాయాధిపతికి ఉండవలసిన జంకు వారికి ఉండవలెను.